తీగపాకం

ముందుగా మొదటి తప్పు చెప్పుకుంటాను.
ఆ రాత్రి తెరమీద మచ్చ కనబడగానే
కంతి అనుకున్నాను.
ముద్దగా, బూడిదరంగులో, అంచులు తెలియకుండా
కాలేయం కుడిమూల ముడుచుకు పడుకుని ఉంది.
చీమైతే నీటిగుంటలా నల్లగా కనబడాలని
పుస్తకం చెప్పింది.
పుస్తకం తైవాన్‌ది కాదు.

కో తియెన్-షున్, అరవై ఎనిమిదేళ్లు,
పేకాంగ్ పాతవీధిలో వేరుశనగ మిఠాయి చేస్తాడు.
నాలుగు రోజులుగా చలి.
ఎంత వణుకంటే, మంచం కోళ్లు నేలమీద టకటకలాడాయని
భార్య ఛియూ-సియా
మా ఆస్పత్రి మంచం పట్టీ పట్టుకుని ఊపి చూపించింది.
జలుబన్నారు మొదటి క్లినిక్‌లో.
కుడిభుజానికి నొప్పిపట్టీ వేశారు రెండోచోట.
భుజం ఏం చేసింది పాపం!
కింద ఎవరో తలుపు బాదుతుంటే
మేడమీది మనిషి లేచి అరిచినట్టు
డయాఫ్రం కింది మంట అక్కడ పలుకుతోంది.

షుగరుందా అని అడిగాను.
"షుగరు లేకపోతే నా బతుకేముంది డాక్టరమ్మా,
రోజుకి నలభై కిలోలు."
వేలు గుచ్చి చూశాను. నాలుగువందల పన్నెండు.

పక్కటెముకల మీద అరచేయి ఆనించి
రెండో పిడికిలితో మెల్లగా తట్టాను.
ఊపిరి మింగాడు.
కంతి ఇంత తొందరగా, ఇంత వేడిగా మాట్లాడదు.
సీటీలో గదులు బయటపడ్డాయి, గదిలో గది,
తేనెపట్టు లాగే,
తేనె ఒక్కటే లేదు.

తెల్లారి ఐదింటికి సూది దించాం.
లాగితే రాదు.
పీల్చి పీల్చి చివరికి రెండు మిల్లీలీటర్లు,
ఇటుకపొడి కలిసిన పసుపు.

పేగుల్లో ఊరికే బతికే జీవే ఇది, ఇంటిమనిషే.
ఏ రోజు ఏ గోడ పలచబడిందో,
పోర్టల్ సిర పట్టుకుని కాలేయం వాకిట్లో దిగింది.
వచ్చిన ప్రతివాణ్ణీ సోదా చేసే సుంకం చావడి అది.
కాపలావాళ్లు చక్కెర మత్తులో జోగుతున్నారు.

మర్నాడు ల్యాబ్ నుంచి పాన్ యి-రొంగ్ పిలిచింది.
పళ్లెంలో గుండ్రంగా, తడిగా మెరిసే చుక్కలు.
ఒకదాన్ని లూపుతో అంటి పైకెత్తింది.
సాగింది.
అయిదు మిల్లీమీటర్లు దాటితే అనుమానించమంటారు.
ఇది రెండంగుళాలు సాగి,
వెలుతురులో వణికి, తెగింది.

ఏం దొరికిందన్నాడు పెద్దాయన.
క్లెబ్సియెల్లా అన్నాను. నాలుక తిరగక నవ్వాడు.
బంకగా ఉంటుంది, తీగ సాగుతుంది అన్నాను.
బొటనవేలూ చూపుడువేలూ అతికించి విడదీశాడు,
నలభై ఏళ్లుగా ఉడికే పాకాన్ని పట్టి చూసిన వేళ్లు.
"ఎంత?"
చూపించాను.
"అయితే ముదిరింది. దించాల్సిన వేళ దాటిపోయింది."

అప్పుడే, మాటల్లో మాటగా,
నిన్న పొద్దుటి నుంచి
ఎడమకంటికి పాకం ఆవిరి పట్టినట్టుందన్నాడు.

రెండో తప్పు ఇదే. నేను అడగలేదు.
ఆ తీగ కాలేయం దగ్గర ఆగే రకం కాదు.
రక్తంలో ఈది కంటికి చేరితే
గంటలే లెక్క, రోజులు కావు.
చక్రాల కుర్చీ నేనే తోసుకుంటూ పరిగెత్తాను.
సెలైన్ సీసా పట్టుకుని ఛియూ-సియా,
ఒక చెప్పు లిఫ్టులోనే వదిలేసి.
కనుగుడ్డులోకే మందు ఎక్కించారు.

పక్కటెముకల మధ్య గొట్టం, మూడు వారాలు.
సంచిలో చీము కొలిచి ఆమే రాసేది
దుకాణం పద్దుపుస్తకంలో, వేరుశనగ బాకీల పక్కన:
అరవై. నలభై. ఇరవైరెండు.
మళ్లీ ముప్ఫై. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.
తొమ్మిది. నాలుగు.

కన్ను పూర్తిగా రాలేదు.
అడుగు దూరంలో నా వేళ్లు లెక్కపెడతాడు.

చలికాలంలో ఒక మిఠాయి పొట్లం వచ్చింది.
ఎడమవైపు అంచు కాస్త మాడింది.
మాడినవైపే ముందు కొరికాను.
ఆ రాత్రి డ్యూటీలో ఇంకో జ్వరం, ఇంకో వణుకు, ఇంకో కుడిభుజం.
ప్రోబు ఇంకా పెట్టనేలేదు,
ఏ ఫారంలోనూ లేని ప్రశ్న అడిగాను:
చూపు ఎలా ఉంది?